సంతకం నాన్నది, చీటీ డబ్బు అమ్మది

‘తల్లిదండ్రులు’ అన్న మాటలో తల్లి ముందుంటుంది. సమాసంలో దొరికిన ఆ ముందువరస బడి గేటు దగ్గరికి వచ్చేసరికి ఏమైపోతుందో ఆలోచించాలి. ప్రైవేటు బడులు పిల్లల్ని తీసుకెళ్తున్న ఖరీదైన యాత్రల గురించి ఎప్పుడు మాట వచ్చినా ‘తల్లిదండ్రులు ఎటూ తేల్చుకోలేకపోతున్నారు’ అంటారు. పంపాలనీ ఉంటుంది, డబ్బు చూస్తే గుండె గుభేలుమంటుంది అని. ఈ ఊగిసలాటంతా ఒకే మనసులో జరుగుతున్నట్టు, ఆ మనసుకి ఆడా మగా తేడా లేనట్టు మాట్లాడతారు. మా జహీరాబాద్‌లో నేను చూస్తున్నది అది కాదు. ఇక్కడ పంపాలని తపించేదీ, డబ్బు కోసం వెతుక్కునేదీ ఒకరు. పంపాలా వద్దా తేల్చి సంతకం పెట్టేది ఇంకొకరు. దీన్ని ‘తల్లిదండ్రుల సందిగ్ధం’ అని పిలవటంలోనే ఒక మోసం ఉంది.

బడిపిల్లలు ఊరు దాటి వెళ్ళటం మాకు కొత్త కాదు. ఝరాసంగం కేతకీ సంగమేశ్వరాలయానికో, బీదర్ కోటకో, సింగూరు డ్యామ్ దగ్గరికో ఎక్స్‌కర్షన్ అనేవారు. బస్సు మాట్లాడుకుని, తలా ఇంత డబ్బా కట్టుకుని పొద్దున పోయి పొద్దుగూకేసరికి వచ్చేవాళ్ళు. ఇప్పుడు వస్తున్న కాగితాల మీద ఆ పేరు లేదు. ‘టీమ్ బిల్డింగ్ క్యాంప్’, ‘లీడర్‌షిప్ అవుట్‌బౌండ్’ అని ఉంటోంది. హైదరాబాద్ శివార్లలోనో అనంతగిరి కొండల వైపో ఒక రిసార్టు. రెండు పగళ్ళు, ఒక రాత్రి. తాళ్ళ వంతెన, జిప్‌లైన్, కళ్ళకి గంతలు కట్టి నడిపించే ఆట, రాత్రి మంట చుట్టూ డాన్సు. మా అమ్మాయి చదివే బడి నిరుడు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి దీనికోసం అడిగింది 5,800 రూపాయలు. టీషర్టూ టోపీ అదనం. బడి పేరెందుకు లెండి, ఈ ఊళ్ళో ఇంకో బడి తల్లిని అడిగినా అంకె మారుతుందేమో గానీ కథ మారదు. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ‘ఐచ్ఛికం’ అని ఉంది.

5,800 అంటే ఎంత? మా వీధిలో బట్టలు కుట్టే ఆమె నాకు లెక్క చెప్పింది. మామూలు జాకెట్టుకి ఆమె తీసుకునేది నూటయాభై. దారం, హుక్కులు, కరెంటు బిల్లు తీసేస్తే, ఆ రెండు రోజుల కోసం నలభై జాకెట్లకి పైగా కుట్టాలి. కూతురు ఎనిమిదో తరగతి. ఆమె నెలనెలా వేసే చీటీ ఒకటుంది. దాన్ని నష్టానికి ముందే పాడుకుంటే డబ్బు చేతికొస్తుంది.

“పంపియ్యకపోతే పిల్ల మొకం చిన్నబోతది అక్కా. పంపిస్తె చీటి పైసలు పోతయి. ఆయన్ని అడిగితె ఆడపిల్లకు గివన్నీ ఎందుకు అంటడు. ఎందుకో నాకు తెల్వదా? నేను పట్నం సూడనే లేదు. నూరు కిలోమీటర్లు లేదు ఈడికి.”

ఆ ఇంట్లోనే రెండేళ్ళ కింద కొడుకు ఇలాంటి యాత్రకే వెళ్ళొచ్చాడు. అప్పుడు తండ్రి పని దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు, ‘ఎందుకు’ అన్న ప్రశ్న పుట్టలేదు. ఆ ప్రశ్న ఆడపిల్ల దగ్గరే ఎందుకు పుడుతుందో ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను వివరించనక్కర్లేదు. కానీ ఒకటి గమనించాలి. ఖర్చు పెరిగే కొద్దీ ఆ ప్రశ్న బలపడుతుంది. ఉచితంగానో వందా రెండొందలకో వెళ్ళే యాత్రకి కూతుర్ని ఆపాలంటే తండ్రి తన పితృస్వామ్యాన్ని పైకి ఒప్పుకోవాలి. 5,800 అయినప్పుడు ఆ అవసరం లేదు. ‘డబ్బుల్లేవు’ అంటే సరిపోతుంది. బడి పెట్టిన ధర ఇంట్లోని వివక్షకి మంచి ముసుగు కుట్టి ఇస్తోంది.

ఐచ్ఛికం అన్న మాట సంగతి కూడా చూడాలి. వెళ్ళని పిల్లలకి ఆ రెండు రోజులూ పాఠాలు జరగవు. టీచర్లు సగం మంది అక్కడుంటారు. మిగిలిన పిల్లల్ని రెండు సెక్షన్లు కలిపి ఒక గదిలో కూచోబెట్టి రివిజన్ అంటారు. అంతటితో అయితే ఫరవాలేదు. క్యాంపులో కట్టిన జట్లే తిరిగొచ్చాక క్లాసులో ప్రాజెక్టులకీ, ఆటలకీ కొనసాగాయి. వెళ్ళని పిల్లలు ఏ జట్టులోనూ లేరు. ఖాళీ ఉన్నచోట సర్దారు. టీమ్ కట్టటం నేర్పుతామని వెళ్ళి క్లాసుని టీమ్ ఉన్నవాళ్ళు, లేనివాళ్ళుగా చీల్చి తీసుకొచ్చారు!

గాజుల కొట్టు నడిపే ఒక ఆపా చెప్పింది వింటే నాకు నోట మాట రాలేదు. “అందరు మమ్మల్నే అంటరు మేడం, మీరు పిల్లల్ని పంపరు అని. నేను పంపుతనే అన్న. మా బిడ్డకు కాగితమే ఇయ్యలే. మీవాళ్ళు ఎట్లాగు రారు గదా అని టీచర్ అన్నదంట.” ముస్లిం తల్లి వద్దంటుందన్న నమ్మకం ఎంత గట్టిదంటే, ఆమెను అడగాల్సిన అవసరం కూడా కనిపించలేదు. ఆ పిల్ల ‘రాలేదు’ అని బడి లెక్కల్లో ఉంటుంది. ఆ లెక్క చూసి రేపు మరొకరు ‘ముస్లిం కుటుంబాలు ఆడపిల్లల్ని పంపవు’ అని రాస్తారు.

ఇక ఈ టీమ్ బిల్డింగ్ అన్న సరుకు ఎక్కణ్ణించి వచ్చిందో చూద్దాం. 1941లో, యుద్ధం నడుస్తుండగా, వేల్స్ సముద్రతీరంలోని అబర్‌డోవీలో కర్ట్ హాన్ అనే విద్యావేత్త, లారెన్స్ హోల్ట్ అనే ఓడల కంపెనీ యజమాని కలిసి ‘అవుట్‌వర్డ్ బౌండ్’ బడి పెట్టారు. ఓడలు మునిగినప్పుడు కుర్ర నావికులు బతికి బయటపడేలా తయారు చెయ్యాలన్నది ఉద్దేశం. మగపిల్లల కోసం, ప్రాణం మీదికి వచ్చిన కాలంలో పుట్టిన శిక్షణ అది. తర్వాతి దశాబ్దాల్లో ఆ తాళ్ళూ గోడలూ కంపెనీల మేనేజర్ల శిక్షణలోకి వచ్చాయి. అక్కణ్ణించి సాఫ్ట్‌వేర్ ఆఫీసుల వారాంతాల్లోకి వచ్చాయి. ఇప్పుడు జహీరాబాద్‌లో పదమూడేళ్ళ పిల్లల దగ్గరికి వచ్చాయి. పక్కమనిషి చెయ్యి వదలకపోవటం అన్న విలువ దారి పొడుగునా రాలిపోయి, ఒక కంపెనీకి పనికొచ్చే ఉద్యోగి లక్షణాలు మిగిలాయి. ఎనిమిదో తరగతి పిల్లకి ఇచ్చిన సర్టిఫికెట్టు మీద ‘కార్పొరేట్ రెడీ’ అని అచ్చేస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

కలిసి పనిచెయ్యటం నేర్పటమే లక్ష్యమైతే రిసార్టు దాకా వెళ్ళనక్కర్లేదు, వంటింటి దాకా వెళ్తే చాలు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో తేలిన లెక్క మనకి తెలిసిందే. జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతుంటే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారు, అదీ అసలు చేసే మగవాళ్ళు. తాళ్ళ వంతెన మీద పక్కపిల్లకి చెయ్యందించి ‘బెస్ట్ టీమ్ ప్లేయర్’ కప్పు తెచ్చుకున్న మా పక్కింటి అబ్బాయి ఇంటికొచ్చి తిన్న కంచం తీసిన పాపాన పోలేదు. కప్పు మాత్రం వాళ్ళమ్మ రోజూ తుడుస్తుంది.

జహీరాబాద్‌లో కూచుని టీమ్ అంటే ఏమిటో తెలియదనటం నిజంగా సిగ్గుచేటు. పస్తాపూర్ మా ఊరికి కూతవేటు దూరం. అక్కడ 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి చుట్టుపక్కల ఊళ్ళల్లో దళిత స్త్రీలు సంఘాలు పెట్టుకున్నారు. బీడుపడ్డ భూముల్ని సాగులోకి తెచ్చారు. జొన్న, కొర్ర, సామ, తొగరి విత్తనాలు ఇంటింటా దాచి ఒకరికొకరు బదులిచ్చుకున్నారు. 1990ల మధ్యలో ఊరి గింజలతోనే ఊరికి చవక ధాన్యపు నిధి నడిపారు. చదువురాని వాళ్ళు కెమెరాలు పట్టుకుని సినిమాలు తీశారు. 2008 అక్టోబర్‌లో మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలుపెట్టి తమ గొంతు తామే వినిపించారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ళకి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. ఏటా సంక్రాంతి నుంచి పాత పంటల జాతర ఎడ్లబళ్ళు ఊరూరా తిరుగుతాయి. వీళ్ళని చూడటానికి విదేశాల నుంచి పరిశోధకులు వస్తారు. మా అమ్మాయి బడి పిల్లలు ఒక్కసారీ వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదంటే నాకు కనిపించే కారణాలు రెండు. జొన్న చేలో దిగిన ఫోటో అడ్మిషన్ల బ్రోచరులో పనికిరాదు. జిప్‌లైన్ ఫోటో పనికొస్తుంది. రెండోది పైకి చెప్పలేనిది. అక్కడ నేర్పేవాళ్ళు దళిత స్త్రీలు. ఇంగ్లీషులో మాట్లాడే ఇరవై అయిదేళ్ళ ట్రైనరు ముందు చేతులు కట్టుకుని నిలబడటానికి సిద్ధపడే మా మధ్యతరగతి, అరవై ఏళ్ళ దళిత రైతు ముందు తమ పిల్లల్ని విద్యార్థులుగా కూచోబెట్టటానికి సిద్ధంగా లేదు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి పుస్తకాల సంచి లేని పది రోజులు ఉండాలని, స్థానిక వృత్తుల వాళ్ళ దగ్గర నేర్చుకోవాలని చెప్పింది. ఆ విధానంతో నాకు చాలా తగాదాలున్నాయి. ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం మా బడి రిసార్టు బిల్లుకి సమర్థనగా వాడుకుంది. స్థానికం అన్న మాట మాయమైంది.

అయితే ఇక్కడ ఆగి ఇంకొకళ్ళతో పోట్లాడాలి. మన అభ్యుదయ మిత్రులు కొందరికి ఈ విషయంలో సులువైన జవాబుంది. ‘ఇదంతా ప్రపంచీకరణ తెచ్చిన వినిమయ సంస్కృతి. పంపకండి, పొలం చూపించండి చాలు’ అంటారు. నాకు ఆ జవాబు మీద బడి మీద ఉన్నంత కోపమూ ఉంది. అలా చెప్పినవాళ్ళలో ఒకాయన కొడుకు నిరుడు ట్రెక్కింగ్‌కి మనాలీ వెళ్ళొచ్చాడన్నది పక్కన పెడదాం. ఆడపిల్లకి ‘వద్దు’ అని చెప్పటానికి ఎప్పుడూ ఏదో ఒక మంచి కారణం దొరుకుతూనే వచ్చింది. అప్పట్లో పరువు, తర్వాత భద్రత, ఇప్పుడు పొదుపు. దానికి సిద్ధాంతాన్ని కూడా జోడించమంటారా? కుట్టుపని చేసే తల్లి కూతుర్ని పంపాలనుకోవటం వినిమయ వ్యామోహం కాదు. తనకి దొరకనిది బిడ్డకి దొరకాలన్న పంతం. జిప్‌లైన్ మీద గాల్లో జారుతూ కేక పెట్టటం వల్ల ఏ ఉపయోగమూ లేకపోవచ్చు. ఉపయోగం లేని ఆనందం మీద మగపిల్లలకి ఉన్నంత హక్కు ఆడపిల్లలకీ ఉంది.

రచయిత్రులం నలుగురం కలిసి చేసిన ప్రయాణాల గురించి ఎంత మురిపెంగా రాసుకుంటాం! ఇంటికి రెండు రాత్రులు దూరంగా ఒకే గదిలో తెల్లారేదాకా మాట్లాడుకోవటం ఎలా ఉంటుందో మనకి తెలుసు. మనలో చాలామందికి ఆ అనుభవం నలభై దాటాక గానీ దొరకలేదు. పదమూడేళ్ళకే దొరుకుతుంటే వద్దనటానికి మనమెవరం?

పేదింటి ఆడపిల్లకి సాహసం ఎందుకు అనే వాళ్ళకి మాలావత్ పూర్ణ జవాబు చెప్పి పదేళ్ళు దాటింది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం, లంబాడా కుటుంబం, వ్యవసాయ కూలీలైన తల్లిదండ్రులు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ భువనగిరి కొండ మీద శిక్షణ తీసుకుని, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆ అమ్మాయి వెనక ఆమె పట్టుదల, గురువుల శ్రమ ఉన్నాయి. వాటితోపాటు మనం మరిచిపోయే సంగతి ఇంకొకటుంది. ఆమెను పంపటానికి వాళ్ళమ్మ చీటీ పాడుకోవాల్సి రాలేదు. గురుకుల వ్యవస్థ భరించింది. ఎవరు ఖర్చు పెడతారన్న దాన్ని బట్టే ఎవరు కొండెక్కుతారన్నది తేలుతుంది.

ఆ తర్వాత సరిగ్గా రెండు వారాలకి, 2014 జూన్ 8న, హిమాచల్‌లో బియాస్ నదిలో ఫోటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, లార్జీ ప్రాజెక్టు నుంచి హఠాత్తుగా వదిలిన నీళ్ళల్లో కొట్టుకుపోయారు. వాళ్ళూ కాలేజీ ఏర్పాటు చేసిన యాత్రకే వెళ్ళారు. తెలంగాణలో పిల్లల్ని యాత్రకి పంపే ఏ తల్లికీ ఆ తర్వాత రాత్రి నిద్ర సరిగ్గా పట్టదు. 2016లో హిమాచల్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షల పరిహారం చెల్లించమంటూ, ఆ భారాన్ని విద్యుత్ బోర్డు, కాలేజీ, రాష్ట్ర ప్రభుత్వం పంచుకోవాలని చెప్పింది. కాలేజీకీ బాధ్యత ఉందని కోర్టు తేల్చిన విషయం ఇది. మరి మా చేతికిచ్చే కాగితం మీద ఏముంది? ‘ప్రయాణంలో జరిగే ఎటువంటి సంఘటనకూ యాజమాన్యం బాధ్యత వహించదు’ అని ఉంది. దాని కింద గీత, గీత కింద ‘తండ్రి/సంరక్షకుని సంతకం’.

ఆ గీత కింది మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పిల్లవాడి పేర రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోయి, తల్లి సంతకం చెల్లదని తెలుసుకుని, సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన స్త్రీ మన బోటి రచయిత్రే, గీతా హరిహరన్. 1956 నాటి చట్టం తండ్రినీ, ‘ఆయన తర్వాత’ తల్లినీ సహజ సంరక్షకులంది. ‘తర్వాత’ అంటే ఆయన చనిపోయాక అని అర్థం కాదనీ, ఆయన బాధ్యత పట్టించుకోనప్పుడు కూడా తల్లి సంరక్షకురాలేననీ 1999లో కోర్టు చెప్పింది. ఆ తీర్పు కూడా తల్లిని సగమే నిలబెట్టింది. తండ్రి పట్టించుకోనప్పుడే ఆమె వంతు వస్తుంది. అయినా ఇన్నేళ్ళకి ఆ సగం కూడా మా బడి కాగితం దాకా రాలేదు. డబ్బు కట్టడానికి వచ్చిన తల్లిని, ‘ఫాదర్ సైన్ తీసుకురండి’ అని వెనక్కి పంపుతారు. రశీదు మీద ఆమె పేరు రాయించుకోమనండి చూద్దాం.

ఈ గొడవలో ఎవరూ తలవని స్త్రీ ఇంకొకామె ఉంది, ఆడపిల్లలకి తోడుగా వెళ్ళిన టీచరు. నెలకి పదకొండు వేలు. ఆ రెండు రోజులకీ అదనంగా పైసా ఇవ్వలేదు, బదులు సెలవూ ఇవ్వలేదు. నాలుగేళ్ళ కొడుకుని అత్తగారి దగ్గర వదిలి వెళ్ళింది, దానికి ఇంట్లో పడ్డ మాటలు వేరే. రాత్రంతా ఆడపిల్లల గది గుమ్మానికి అడ్డంగా చాప పరుచుకుని పడుకున్నదట. ఇద్దరు పిల్లలకి అనుకోకుండా నెలసరి వచ్చింది. ప్యాడ్లు ఆమె సంచిలోంచే వచ్చాయి, ఆమె డబ్బుతో కొన్నవి. మగ పీఈటీ సారు ట్రైనర్లతో ఫోటోల్లో ఉన్నాడు. ఆమె ఒక్క ఫోటోలోనూ లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1994లో వచ్చిన జీవో నెం. 1 ప్రైవేటు బడులు ఫీజుల రాబడిలో సగం జీతాలకి ఖర్చు పెట్టాలంది. ఆ జీవో సంగతి ఆమెకి చెప్తే నవ్వి, “మీరు లెక్చరర్లు కాబట్టి అడుగుతారు మేడం” అంది.

చట్టం ఏమంటుందని అడిగిన తల్లులున్నారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 2009 విద్యాహక్కు చట్టం బడి ప్రకటించిన ఫీజు కాక తీసుకునే ఎలాంటి చెల్లింపునైనా క్యాపిటేషన్ ఫీజే అంది. కానీ దాని మీద నిషేధం పిల్లను చేర్చుకునే సమయానికే. చేరిన తర్వాత వసూళ్ళకి ఆ సందు చాలు. ప్రభుత్వానికి తేడా తెలియక కాదు. 2020 ఏప్రిల్‌లో, కరోనా కాలంలో, జీవో నెం. 46తో ట్యూషన్ ఫీజు తప్ప ఇంకేమీ వసూలు చెయ్యొద్దని, అదీ నెలనెలా తీసుకోమని ఇదే రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించింది. కరోనాలో గీయగలిగిన గీత మామూలు రోజుల్లో ఎందుకు చెరిగిపోయింది?

నేను యాత్రలు ఆపమనటం లేదు. ఆపేస్తే మొదట ఇంట్లో ఉండిపోయేది ఆడపిల్లలే. మగపిల్లలు బడి తీసుకెళ్ళకపోయినా బైకు మీద నలుగురు కలిసి సింగూరు దాకా పోతారు. క్లాసంతా వెళ్ళగలిగే చోటికి వెళ్ళాలి, అందరూ కట్టగలిగిన డబ్బుతో వెళ్ళాలి, లేదా బడి భరించాలి. అనంతగిరి కొండ ఎక్కటానికి ట్రైనరు అక్కర్లేదు. బస్సూ, డబ్బాలో అన్నమూ, మంచి మరుగుదొడ్డి ఉన్న బస ఉంటే చాలు. ఆ మూడోదానికి ఖర్చు పెట్టమనండి, నేను అడ్డు చెప్పను.

డిసెంబర్ మొదటి వారంలో మేము ప్రిన్సిపాల్‌కి ఒక కాగితం ఇచ్చాం. యాత్ర ఖర్చుని సంవత్సరం మొదట్లోనే ఫీజుల పట్టికలో చెప్పాలని, క్లాసులో ఒక్క పిల్ల మిగిలిపోయినా యాత్ర స్థలం మార్చాలని, అనుమతి పత్రం ప్రతి ఇంటికీ ఇవ్వాలని, దాని మీద తల్లి సంతకం చెల్లాలని, బాధ్యత లేదన్న వాక్యం తీసెయ్యాలని, తోడు వెళ్ళే టీచరుకి రెండు రోజుల అదనపు జీతం ఇవ్వాలని రాశాం. ముప్ఫై ఒక్కమందిమి. అందులో నాలుగు వేలిముద్రలు. గాజుల కొట్టు ఆపా ఉర్దూలో సంతకం పెట్టింది, కుట్టుపని ఆమె పేరు మొత్తం విడమరిచి రాసింది. ప్రిన్సిపాల్ చదివి, మర్యాదగా మడిచి టేబుల్ మీద పెట్టాడు. “మంచి పాయింట్లే మేడం. ఫాదర్స్ సంతకాలు కూడా పెట్టించుకుని రండి, మేనేజ్‌మెంట్‌కి పంపుతాను” అన్నాడు.

మేము పెట్టించలేదు. వచ్చే సోమవారం మళ్ళీ అదే కాగితంతో వెళ్తున్నాం.